అడగక ముందే అడగాలి
(రావులపాలెంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు ఆయన పిల్లలు ఒక షరతు పెట్టారు. నాన్నగారి గొప్పతనం గురించి గంటసేపు చెప్పొద్దండీ, ఆయనకి నచ్చదు అన్నారు. అందుకని ఆయన బతికినంత కాలం పట్టించుకున్న విషయం ఒకటి తీసుకున్నాను. వైకల్యం ఉన్న పిల్లో పిల్లాడో కాలేజీకి వెళ్లి, యూనివర్సిటీకి వెళ్లి, నాకు చదువుకోవడానికి ఫలానా ఏర్పాటు కావాలి అని అడగడం గురించి మాట్లాడతాను. అడిగితే ఏమవుతోంది, అడగలేక ఎంతమంది ఆగిపోతున్నారు, అసలు ప్రతిసారీ ఆ పిల్లలే ఎందుకు అడగాల్సి వస్తోంది అన్నది ఈ సాయంత్రం నా విషయం.

మాస్టారు లెక్కలు చెప్పేవారు. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో ఒక కాలు సన్నబడిపోయింది, కర్ర ఊతంతోనే నడిచేవారు. ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ప్రతి తరగతిలోనూ తలా ఒక చీటీ పంచేవారు. బోర్డు కనిపిస్తోందా, నా మాట వినిపిస్తోందా, రాస్తుంటే చెయ్యి నొప్పి పెడుతోందా, మెట్లెక్కడం కష్టంగా ఉందా, ఇంకేమైనా చెప్పాలనుందా? ఇవీ ఆ చీటీ మీద ప్రశ్నలు. అందరూ రాసి తీరాలి. ఏ ఇబ్బందీ లేనివాడు ఏమీ లేదని రాయాలి. ఎవరేం రాశారో పక్కవాడికి తెలియదు, ఎవరూ లేచి నిలబడక్కర్లేదు. ఎనిమిదో తరగతి దాకా మొద్దు అనిపించుకున్న ఒక కుర్రాడికి ఒక చెవి బొత్తిగా వినపడదన్న సంగతి ఆ చీటీ వల్లే బయటపడింది. వినపడే చెవి తనవైపు ఉండేలా మాస్టారు వాణ్ణి మొదటి బల్లకి మార్చారు. దానికి పైసా ఖర్చు కాలేదు. ఇవాళ ఆ కుర్రాడు సొంతంగా వ్యాపారం చేసుకుంటున్నాడు, ఈ సభకి కుర్చీలు వేయించింది కూడా ఆయనే.

మాస్టారు ఆ చీటీలు పంచడం మొదలుపెట్టిన కాలానికి వికలాంగులకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1995లో వచ్చింది. అందులో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. తర్వాత ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2016లో కొత్త చట్టం చేశారు. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. ఏడు కాస్తా ఇరవై ఒకటయ్యాయి. చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో మెదడు ఎదుర్కొనే ప్రత్యేక ఇబ్బందులు, ఆటిజం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధమైన జబ్బులు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి నరాల జబ్బులు ఇందులోకి వచ్చాయి. మానసిక అనారోగ్యం పాత చట్టంలోనూ ఉంది, ఇందులోనూ ఉంది.

ఈ జాబితాను నేను ఊరికే చదవలేదు. మన అధ్యాపకుల మనసులో వికలాంగుడంటే ఇప్పటికీ రెండే రూపాలు: కాలు సన్నబడ్డ కుర్రాడు, నల్లకళ్లద్దాల కుర్రాడు. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఆ గెలుపుకి చేతులెత్తి మొక్కాలి. అయితే ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో కూర్చున్న వికలాంగ విద్యార్థిని గుమ్మంలోంచి చూసి గుర్తుపట్టలేం. నెలకోసారి రక్తం ఎక్కించుకుని వచ్చే అమ్మాయి మామూలుగానే కనిపిస్తుంది. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న అబ్బాయి మామూలుగానే నవ్వుతాడు. నోటితో అడిగితే గడగడా చెప్పి, కాగితం మీద రెండు వాక్యాలు రాయలేని పిల్లాడికి బద్ధకం అని పేరు పెట్టేస్తారు. కంటికి కనపడని ఇబ్బందికి నోరు తెరిచి అడగక తప్పడం లేదు. అడగాల్సినవాళ్ల సంఖ్య అందుకే పెరిగింది.

చట్టం ఏమంటుంది? మిగతావాళ్లతో సమానంగా హక్కు అనుభవించడానికి ఒక మనిషికి అవసరమైన మార్పూ సర్దుబాటూ చేసిపెట్టాలి. సంస్థ మోయలేనంత భారం కానంత వరకు అది చేసి తీరాలి. దాన్ని నిరాకరించడమే వివక్ష. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థకీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థకీ, రెంటికీ ఈ బాధ్యత ఉంది. ప్రైవేటు కాలేజీ మాకు వర్తించదండీ అంటే చెల్లదు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు (స్క్రైబ్), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి చట్టంలోనే పేరుపెట్టి రాశారు. ప్రిన్సిపాల్ గారి దయతో వాటికి పనిలేదు.

ఇక మన ఇళ్లలో సంగతికి వస్తాను. మన దగ్గర సదరం వైకల్య ధ్రువపత్రం అంటే పింఛను. సచివాలయానికి వెళ్లి స్లాట్ వేయించుకోవడం, ఆసుపత్రిలో క్యాంపు రోజు తెల్లవారకుండానే వరుసలో నిలబడటం, డాక్టరు గారు ఎంత శాతం వేస్తారోనని ఆదుర్దా పడటం ఈ జిల్లాలో ప్రతి ఊరికీ తెలుసు. నలభై దాటితే ఒక లోకం, దాటకపోతే ఇంకో లోకం. పింఛనుకీ, ఉన్నత విద్యలో ఐదు శాతం రిజర్వేషన్‌కీ నలభై శాతం గీత అవసరమే. అక్కడ గీత ఎక్కడో ఒకచోట గీయాలి. కానీ ఆ గీత మెల్లగా జరిగి జరిగి పరీక్ష హాల్లోకి కూడా వచ్చేసింది. నీకు ముప్పై అయిదే ఉంది, స్క్రైబ్ ఇవ్వం అంటున్నారు. ఆ ముప్పై అయిదు శాతం ఆ చేతి వేళ్లలోనే ఉంటే ఆ పిల్లాడు ఎలా రాస్తాడు?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వికాశ్ కుమార్ అనే డాక్టరు సివిల్స్‌కి కూర్చున్నారు. పెన్ను పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోయే జబ్బు ఆయనది. చూపు లేనివాళ్లకీ, రాసే చెయ్యి దెబ్బతిన్నవాళ్లకీ, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకే స్క్రైబ్ అని యూపీఎస్సీ కాదంది. 2021 ఫిబ్రవరి 11న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. నలభై శాతం గీత రిజర్వేషన్ వంటి వాటికే. పరీక్ష రాయడానికి సాయం కావాలనే హక్కుకి ఆ గీత అడ్డం కాదు అని తేల్చింది. ఆ తీర్పు వల్లే కేంద్రం 2022 ఆగస్టు 10న, నలభై లోపు ఉన్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి వేరే వైద్య ధ్రువపత్రం కావాలని అందులో ఉంది. సదరం కాగితంలో శాతం తక్కువ పడిందని ఇంటికి తిరిగొచ్చేసిన పిల్లలు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, ఆ తీర్పు తేదీ రాసుకోండి.

శాతం రెండో వైపు నుంచి కూడా కోస్తుంది. మాటకి, భాషకి సంబంధించిన వైకల్యం నలభై దాటిందని ఒక విద్యార్థికి ఎంబీబీఎస్ సీటు ఇవ్వం అన్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఓంకార్ గోండ్ కేసులో శాతం చూసి ఎవర్నీ అనర్హులనకూడదంది. ఆ మనిషి ఆ చదువు చదవగలడో లేడో నిపుణులు కూర్చుని పరిశీలించాలని చెప్పింది. తక్కువైతే సాయం లేదు, ఎక్కువైతే సీటు లేదు అన్నచోట చదువుకునే పిల్లలకి దారి ఎక్కడ మిగులుతుంది? నా మటుకు నాకు, కాలేజీలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత శాతం అన్నది కానే కాదు. నీకు ఏ పని దగ్గర కష్టమవుతోంది అన్నదే.

స్క్రైబ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు గొడవలన్నీ అక్కడే వస్తాయి. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉంది. అంటే మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు. స్క్రైబ్ అర్హత ఉండి కూడా సొంతంగా రాసుకునేవాళ్లకీ ఈ సమయం వర్తిస్తుంది. స్క్రైబ్‌ని విద్యార్థే తెచ్చుకోవచ్చని, లేదా ఇవ్వమని సంస్థని అడగొచ్చని ఆ మార్గదర్శకాలు అన్నాయి. సంస్థ ఇస్తే పరీక్షకి రెండు రోజుల ముందు ఆ మనిషిని కలిసి చూసుకునే అవకాశం ఉండాలి. వేర్వేరు పేపర్లకి వేర్వేరు మనుషులు ఉండొచ్చు. వీలైనంత వరకు కింది అంతస్తులోనే కూర్చోబెట్టాలి. తెచ్చుకున్న స్క్రైబ్ చదువు మాత్రం అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో నియమం పెట్టారు.

చదివితే ఎంత సుళువుగా ఉంది! ఇప్పుడు నవంబరులో సెమిస్టర్ పరీక్షలు రాయబోతున్న, చూపు లేని ఒక బీకాం అమ్మాయిని తలుచుకోండి. తన కన్నా తక్కువ చదివినవాళ్లు కావాలి. ఆ పిల్లల కాలేజీ వాళ్లకి ఉంటుంది, వాళ్ల పరీక్షలు వాళ్లకి ఉంటాయి. అమ్మాయి కాబట్టి ఆడపిల్లే కావాలని ఇంట్లో అంటారు. రాసిపెట్టే ఆ పిల్లకి అకౌంట్స్ పట్టికలు గీయడం రావాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి, దస్తూరి చదవగలిగేలా ఉండాలి, మధ్యలో విసుక్కోకూడదు. ఆరు పేపర్లకి ఆరుసార్లు రావాలి, ఆటో ఛార్జీ ఎవరివ్వాలి? ఇంత వెతుకులాట ఆ అమ్మాయి చదువుకోవాల్సిన రోజుల్లోనే జరుగుతుంది. తోటి పిల్లలు చాప్టర్లు తిరగేస్తుంటే ఈమె ఫోన్లు చేస్తూ కూర్చుంటుంది. ఇదంతా మార్కుల్లో కనపడదు. ఆ మార్కులు చూసి మనం ఆమె తెలివిని కొలుస్తాం.

నేను డిగ్రీ విద్యార్థులకి పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక పరీక్ష కేంద్రంలో జరిగింది చెబుతాను, ఆ కేంద్రం పేరు చెప్పను. చూపు మందగించిన కుర్రాడొకడు, గోదావరి లంక నుంచి పడవ దాటి వచ్చేవాడు. ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో కావాలని ముందే కాగితం పెట్టుకున్నాడు. పరీక్ష రోజు అందరికీ ఇచ్చిన కాగితమే ఇచ్చారు. అడిగితే ఇన్విజిలేటర్ మంచి మనసుతో ప్రశ్నలన్నీ పైకి చదివి వినిపించారు. హాలంతా తలెత్తి చూసింది. సాయం అందింది, నిజమే. కానీ ఆ తర్వాత పేపర్లకి ఆ కుర్రాడు మళ్లీ అడగలేదు. కాగితాన్ని కళ్లకి ఆనించుకుని రాశాడు. ఇరవై రూపాయల జిరాక్స్‌తో, పెద్దది చేసి తీసిన ఒక కాపీతో అయిపోయే పని అది. మంచితనం ఆ గదిలో కొరవడలేదు, ముందుగా చేసి ఉంచాల్సిన ఏర్పాటే కొరవడింది.

ఈ అడగడంలో ఇంకో అడ్డం మన ఇంట్లోనే ఉంది. మాట్లాడకుండా దాటేద్దామనుకున్నాను గాని, మాస్టారి సభలో దాటేయకూడదు. ఆడపిల్లకి మూర్ఛ ఉందనో, వినికిడి తక్కువనో కాలేజీ రికార్డుల్లో రాయిస్తే రేపు సంబంధాలు రావని తల్లిదండ్రుల భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఊళ్లలో మాట ఎంత త్వరగా పాకుతుందో నాకు తెలుసు. అందుకే ఒక మాట కాలేజీ పెద్దలకి చెబుతున్నాను. విద్యార్థి ఇచ్చిన వైద్య కాగితం గోప్యంగా ఉంచండి. పాఠం చెప్పే లెక్చరర్‌కి జబ్బు పేరు అక్కర్లేదు. ఈ విద్యార్థికి ముందు వరుసలో చోటు కావాలి, బోర్డువైపు తిరిగి మాట్లాడకండి, గంటకి ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వండి అని తెలిస్తే చాలు. అమెరికాలో మన కోనసీమ పిల్లలు చదువుతున్న యూనివర్సిటీల్లో ఇదే పద్ధతి. వికలాంగ విద్యార్థుల సేవల కార్యాలయం ఒకటి ఉంటుంది, కాగితాలన్నీ అక్కడే ఆగిపోతాయి, ప్రొఫెసర్ చేతికి వెళ్లే ఉత్తరంలో కావాల్సిన ఏర్పాట్లు మాత్రమే ఉంటాయి. అక్కడా ఇది ఊరికే రాలేదు. మెడ కింద శరీరం చచ్చుబడ్డ ఎడ్ రాబర్ట్స్ అనే విద్యార్థి 1962లో బర్క్‌లీలో చేరితే, హాస్టల్లో వీలుకాక క్యాంపస్ ఆసుపత్రిలో ఉండి చదువుకున్నారు. ఆయనా ఆయన స్నేహితులూ పోట్లాడి సాధించిన ఏర్పాట్ల మీద ఇవాళ మన పిల్లలు నిలబడ్డారు.

మన నేల మీద పోట్లాడినవాళ్లూ ఉన్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక ఇంటర్‌లో సైన్సు గ్రూపు అడిగారు. బొమ్మలూ గ్రాఫులూ చూడలేవు కాబట్టి ఇవ్వం అన్నారు. టీచరు సాయంతో కోర్టుకెళ్లారు. ఆరు నెలలకి అనుమతి వచ్చింది. తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగు సంస్థలు చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీకి వెళ్లి, విదేశం నుంచి వచ్చి అక్కడ చేరిన మొదటి అంధ విద్యార్థి అయ్యారు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. నన్ను కలవరపెట్టేది ఆ ఆరు నెలలు. అన్ని మార్కులు తెచ్చుకోగల పిల్లాడికే కోర్టు మెట్లెక్కాల్సి వస్తే, అరవై శాతం తెచ్చుకునే మామూలు పిల్లాడి మాటేమిటి? చదువుకునే హక్కు మేధావి అయితేనే రావాలా?

మన అమలాపురం బిడ్డ జి.ఎన్. సాయిబాబా పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఐదేళ్ల వయసులో పోలియో వచ్చింది. అమలాపురం ఎస్కేబీఆర్ కాలేజీలో డిగ్రీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివి, ఢిల్లీలో ఇంగ్లిషు అధ్యాపకుడయ్యారు. చక్రాల కుర్చీ ఆయనకి ఢిల్లీ వెళ్లాకే వచ్చింది. అంతవరకు చేతుల మీద పాకుతూనే చదువుకున్నారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించేవాళ్లూ, విభేదించేవాళ్లూ ఈ సభలో ఉన్నారు. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ ఆయన మీద పెట్టిన కేసులో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2024 మార్చి 5న నిర్దోషి అని విడుదల చేసింది, అదే ఏడు అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. నేను చెప్పదలచింది ఆయన విద్యార్థి జీవితం గురించి. ఈ డెల్టా గడ్డ మీద ఒక కుర్రాడు పాకుతూ డిగ్రీ పూర్తి చేశాడని గర్వపడటం నాకు చేతకాదు. పాకలేక, మోసేవాళ్లు లేక పదో తరగతి దగ్గరే ఆగిపోయిన అతని వయసువాళ్లు ఎంతమందో అనిపిస్తుంది.

విద్యార్థులారా, ఇప్పుడు మీతో. అడగాల్సి వచ్చినప్పుడు నోటితో అడిగి ఊరుకోకండి, అర్జీ రాయండి. చేరిన నెలలోనే రాయండి, హాల్ టికెట్ వచ్చాక కాదు. జబ్బు చరిత్ర అంతా అక్కర్లేదు. నాకు ఈ పని దగ్గర ఈ ఇబ్బంది ఉంది, దానికి ఈ ఏర్పాటు కావాలి, నా దగ్గర ఈ ధ్రువపత్రం ఉంది, 2016 చట్టం ప్రకారం కోరుతున్నాను, జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. అంతే, ఒక్క పేజీ. రెండు కాపీలు తీసి, ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. అనుబంధ కాలేజీల్లో చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. రావులపాలెం ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లల పరీక్షలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. ఇంజనీరింగు పిల్లలైతే చాలామందికి కాకినాడ జేఎన్టీయూ. ప్రిన్సిపాల్ గారు సరేనన్నంత మాత్రాన పరీక్ష హాల్లో ఏర్పాటు జరిగిపోదు. అర్జీ వారి ద్వారా పరీక్షల విభాగానికి వెళ్లిందో లేదో కనుక్కోండి. తోసిపుచ్చితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయవచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది.

ఇంత చెప్పాక కూడా భారమంతా పిల్లల మీదే పెట్టినట్టుంది. అది నాకు సమ్మతం కాదు. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఒక తేడా స్పష్టం చేసింది. అందరికీ అందుబాటులో ఉండేలా కట్టడం, నడపడం ఎవరూ అడగక ముందే సంస్థ చేయాల్సిన పని. ఒక మనిషికి ప్రత్యేకంగా కావాల్సిన ఏర్పాటు అడిగాక చేయాల్సింది. రెండోది మొదటిదానికి బదులు కాదు. ఆ కేసులో కోర్టు ముందుంచిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసింది. మాస్టారి చీటీకి ఈ తీర్పులో నాకు బలం కనిపించింది. ర్యాంపు ఉన్న కాలేజీలో ఎవరూ ర్యాంపు కోసం అర్జీ పెట్టక్కర్లేదు. తరగతిని మేడ మీద నుంచి కిందికి మార్చడానికి టైమ్‌టేబుల్ తిరగరాస్తే చాలు.

కోనసీమ కాలేజీల ప్రిన్సిపాళ్లు, కరస్పాండెంట్లు కొందరు ముందు వరుసలో ఉన్నారు. వారిని మూడు పనులు కోరుతున్నాను. వచ్చే అడ్మిషన్ల దరఖాస్తులో ప్రతి విద్యార్థినీ, నీకు చదువులో పరీక్షలో ఏ ఏర్పాటైనా కావాలా అని అడగండి. ఆ జవాబులు చూసే అధ్యాపకుణ్ణో అధ్యాపకురాలినో ఒకరిని పేరుపెట్టి నియమించి, ఆ పేరు నోటీసు బోర్డులో పెట్టండి. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు కాలేజీలు కలిసి స్క్రైబ్‌ల జాబితా ఒకటి తయారుచేయండి. ఇంటర్ పిల్లల్లో ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నవాళ్లని తీసుకోవచ్చు. రాసిన ప్రతి పేపరుకీ వాళ్లకి ఛార్జీలిచ్చి, ధ్రువపత్రం ఇవ్వండి. ఈ మూడింటికీ కొత్త జీవో రావాల్సిన పనిలేదు.

మాస్టారి పిల్లలు హాలు పక్క గదిలో రెండు బల్లలు వేయించారు. చట్టం తెలిసిన మిత్రులు ఇద్దరు వచ్చి ఉన్నారు. ఈ సెమిస్టరుకి అర్జీ పెట్టాల్సినవాళ్లు సదరం కాగితమో, ఆసుపత్రి కాగితమో, ఏదున్నా తీసుకుని అక్కడికి రండి. ఇవాళ తేనివాళ్లు ఫోను నంబరు రాసివ్వండి. నేను కూడా అక్కడే ఉంటాను, ఆఖరి అర్జీ రాయడం అయ్యేదాకా.